మీ సొంత పార్కింగ్ స్థలంలోనే టికెట్ అంటించారా? ఇంగ్లండ్, వేల్స్‌లో ఉన్నవాళ్లు చేయాల్సిన పనులు

అద్దె ఒప్పందంలోనో లీజులోనో మీకని రాసి ఇచ్చిన స్థలం. రోజూ కారు పెట్టేది అక్కడే. ఒక పొద్దున దిగి చూస్తే అద్దానికి కవరు అంటించి ఉంటుంది. పర్మిట్ కనిపించలేదు కాబట్టి 100 పౌండ్లు కట్టాలి, 14 రోజుల్లో కడితే 60 చాలు అని లోపల రాసి ఉంటుంది. కొత్త దేశం, వీసా మీద ఉన్నాం, గొడవెందుకు అని ఆ 60 కట్టేయాలనిపిస్తుంది. ఆగండి. మీ స్థలం మీద మీకున్న హక్కు కాగితం మీద ఉందంటే, ఆ కంపెనీ కంటే మీ వాదనే బలమైనది కావచ్చు. ఆ కాగితాన్ని వెతికి, సరైన తేదీకి, సరైన చోట చూపించడమే ఇక్కడ చేయాల్సిన పని.

ముందుగా నోటీసు ఎవరిచ్చారో చూడండి. కౌన్సిల్ ఇచ్చేది పెనాల్టీ చార్జ్ నోటీస్, ప్రైవేటు కంపెనీ ఇచ్చేది పార్కింగ్ చార్జ్ నోటీస్. రెండింటినీ పీసీఎన్ అనే అంటారు, అందుకే జనం తికమక పడతారు. కౌన్సిల్ పేరుంటే దారి వేరు, ఇక్కడ రాసినవి దానికి పనికిరావు. ప్రైవేటు కంపెనీ పేరుంటే అది జరిమానా కాదు. 'మా బోర్డు మీద రాసిన షరతులకు మీరు ఒప్పుకున్నారు, వాటిని తప్పారు, కాబట్టి ఇంత ఇవ్వాలి' అంటూ పంపిన బిల్లు. కోర్టుకు వెళ్లి గెలిస్తే తప్ప ఆ డబ్బును బలవంతంగా వసూలు చేసే అధికారం ఆ కంపెనీకి లేదు. క్రిమినల్ రికార్డుతో దీనికి సంబంధం లేదు.

బోర్డు కంటే మీ లీజు ఎందుకు పెద్దది

సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లోకి వెళ్లినప్పుడు అక్కడ కారు పెట్టే హక్కు మనకు ముందే ఉండదు. 'ఈ షరతులతో పెట్టుకోండి' అని బోర్డు చెబుతుంది, మనం పెడతాం, అక్కడ ఒప్పందం కుదురుతుంది. కంపెనీలు తమ ఉత్తరాల్లో తరచూ చూపించే 2015 నాటి సుప్రీంకోర్టు తీర్పు, పార్కింగ్ ఐ వర్సెస్ బీవిస్, అలాంటిదే. చెమ్స్‌ఫర్డ్‌లోని షాపింగ్ పార్క్‌లో రెండు గంటలు ఉచితం. ఆయన అంతకు మించి దాదాపు గంట ఉన్నారు. 85 పౌండ్ల చార్జీ చెల్లుతుందని కోర్టు చెప్పింది. దుకాణాలకు వచ్చేవాళ్లకు స్థలం దొరుకుతూ ఉండాలన్న న్యాయమైన అవసరం ఉందని, బోర్డులు స్పష్టంగా ఉన్నాయని కారణాలు చూపింది.

మీ విషయం అది కాదు. ఆ స్థలంలో కారు పెట్టే హక్కు మీకు ముందే ఉంది, దానికి అద్దె రూపంలోనో కొనుగోలు ధర రూపంలోనో మీరు డబ్బు ఇచ్చారు. మీ దగ్గర ఉన్నదాన్నే మళ్లీ మీకు ఇస్తానని మూడో మనిషి షరతు పెట్టలేడు. ఇవ్వడానికి అతని చేతిలో ఏమీ లేదు. న్యాయభాషలో దీన్ని 'ప్రైమసీ ఆఫ్ కాంట్రాక్ట్' అంటారు, అంటే ముందున్న ఒప్పందానిదే పైచేయి. లీజు ద్వారా ఒకసారి ఇచ్చిన హక్కును ఇచ్చినవాళ్లే తగ్గించకూడదన్నది ఇంకో సూత్రం, 'డెరొగేషన్ ఫ్రమ్ గ్రాంట్'. సయీద్ వర్సెస్ ప్లస్‌ట్రేడ్ కేసులో అప్పీల్ కోర్టు 2001లో దీన్ని పార్కింగ్‌కే వర్తింపజేసింది.

నేరుగా నివాస పార్కింగ్ మీద వచ్చిన వాటిలో ఎక్కువగా పనికొచ్చేది జాప్సన్ వర్సెస్ హోమ్‌గార్డ్ సర్వీసెస్, 2016, ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టు. ఫ్లాట్‌లో ఉండే ఆవిడ బల్ల దింపుకోవడానికి గుమ్మం ముందు కాసేపు కారు ఆపారు, టికెట్ ఇచ్చారు. లీజు ఇచ్చిన రాకపోకల హక్కును కంపెనీ బోర్డు మార్చలేదని, సామాను దింపడానికి ఆగడం పార్కింగ్ కిందికి రాదని అప్పీల్ విన్న జడ్జి తీర్పు చెప్పారు. కౌంటీ కోర్టు తీర్పులు ఇతర కోర్టులను కట్టిపడేయవు. అయినా ఇది అప్పీల్‌లో వచ్చిన తీర్పు కాబట్టి జడ్జీలు శ్రద్ధగా చదువుతారు. అద్దెకు ఉన్నవాళ్లకు పేస్ వర్సెస్ మిస్టర్ ఎన్ ఉపయోగపడుతుంది. క్రాయిడన్, 2016. టెనెన్సీ ఒప్పందంలో పార్కింగ్ హక్కు ఉంది, పర్మిట్ షరతు లేదు, కంపెనీ దావా కొట్టేశారు. ఇది కింది స్థాయి తీర్పు, అంత బరువే ఉంటుంది.

కాగితంలో ఏం చూడాలి

అద్దెకు ఉన్నవాళ్లు మొదట తమ టెనెన్సీ ఒప్పందం తీయండి. 'ఫ్లాట్ 14, పార్కింగ్ స్థలం 14తో సహా' అన్న మాట ఉందా? పర్మిట్ పెట్టాలన్న షరతు ఎక్కడైనా ఉందా? తర్వాత మీ ఓనరును హెడ్ లీజు, అంటే ఆ ఫ్లాట్ మీద ఓనరుకున్న లీజు, ప్రతి అడగండి. ఓనరుకు లేని హక్కు మీకు రాదు కాబట్టి ఆ లీజే అసలు ఆధారం. ఓనరు పలకకపోతే హెచ్‌ఎం ల్యాండ్ రిజిస్ట్రీలో టైటిల్ రిజిస్టర్ 7 పౌండ్లకు దొరుకుతుంది, లీజు ప్రతికి విడిగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ప్రభుత్వ సైటులోనే తీసుకోండి. అదే కాగితానికి ఎన్నో రెట్లు వసూలు చేసే సైట్లు వెతుకులాటలో పైన కనిపిస్తాయి.

లీజులో చివర ఉండే షెడ్యూళ్లు, రంగు గీతలతో ఉన్న ప్లాను ముఖ్యం. ప్లానులో మీ స్థలం చుట్టూ గీత ఉండి, దాన్ని ఫ్లాట్‌తో పాటు మీకే 'డిమైజ్' చేసినట్టు, అంటే లీజు కింద అప్పగించినట్టు, రాసి ఉంటే మీ స్థితి చాలా గట్టిది. 'ఏదో ఒక స్థలంలో పార్క్ చేసుకునే హక్కు' అని ఉంటే కాస్త తక్కువ, అయినా మంచిదే. 'క్వయట్ ఎంజాయ్‌మెంట్' అన్న క్లాజు కూడా గుర్తు పెట్టుకోండి. ఇల్లు, దాని హక్కులను అడ్డంకి లేకుండా అనుభవించనిస్తామని ఇచ్చిన మాట అది.

ఇప్పుడు మీకు ఎదురు తిరిగే క్లాజు. 'మేనేజ్‌మెంట్ కంపెనీ ఎప్పటికప్పుడు పెట్టే నియమాలకు లోబడి' అన్న వాక్యం చాలా లీజుల్లో ఉంటుంది. పర్మిట్ పద్ధతి ఆ నియమాల్లో భాగమేనని కంపెనీ వాదిస్తుంది. ఇక్కడ కోర్టులు రెండు వైపులా తీర్పులిచ్చాయి, కాబట్టి గెలుపు ఖాయమనుకోవద్దు. మీరు అడగాల్సిన ప్రశ్నలు ఇవి. ఆ నియమాన్ని లీజు చెప్పిన పద్ధతిలోనే చేశారా, లేక ఒకరోజు బోర్డులు మాత్రమే వెలిశాయా? చేసిన తేదీ, ఇళ్లవాళ్లకు తెలియజేసిన ఉత్తరం ఎక్కడ? పర్మిట్ పెట్టమనడం ఒకటి, పెట్టకపోతే సంబంధం లేని కంపెనీకి 100 పౌండ్లు కట్టమనడం ఇంకొకటి. ఆ రెండోదానికి లీజులో ఏ మాట అనుమతిస్తోంది? లీజునే మార్చామని అంటే, దానికి ఇద్దరూ సంతకం చేసిన పత్రం ఉండాలి, లేదా 1987 ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టంలోని 37వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ ఆదేశం ఉండాలి. తొమ్మిది, అంతకు మించిన లీజులున్న చోట ఆ దరఖాస్తుకే కనీసం 75 శాతం మంది ఒప్పుకోవాలి, 10 శాతానికి మించి వ్యతిరేకత ఉండకూడదు.

కాగితంలో పార్కింగ్ మాటే లేకుండా, అలవాటుగా పెట్టుకుంటున్న చోటైతే ఈ వాదన నిలబడదు. విజిటర్ స్థలాలకూ అంతే. అప్పుడు మీకు మిగిలేవి నోటీసు తేదీలు, బోర్డుల స్పష్టత, స్థలం యజమాని నుంచి కంపెనీకున్న అధికారం.

ఇంకో జాగ్రత్త. పర్మిట్ కోసం ఆన్‌లైన్‌లో నమోదు చేసుకునేటప్పుడు 'షరతులు తప్పితే చార్జీ కడతాను' అన్న గడి మీద టిక్ పెట్టి ఉంటే, కంపెనీ దాన్నే కొత్త ఒప్పందంగా చూపిస్తుంది. ఇంకా పెట్టకపోతే, పర్మిట్‌ను మర్యాద కోసం మాత్రమే ఉంచుతున్నానని, నా లీజు హక్కులు మారవని బ్లాకు నిర్వహణ చూసే మేనేజింగ్ ఏజెంట్‌కు ఈమెయిల్ పెట్టి తర్వాత తీసుకోండి. మన ఊళ్లో వాచ్‌మన్‌తో ఒక మాట అనుకుంటే సరిపోతుంది. ఇక్కడ కేర్‌టేకర్ 'పర్లేదు' అన్న నోటిమాటను రేపు జడ్జి ముందు పెట్టలేరు. ఆ సాయంత్రమే 'మీరు ఇలా అన్నారు' అని ఈమెయిల్ పంపితే పెట్టగలరు.

నోటీసు వచ్చిన రోజు నుంచి

ఆ రోజే ఫోటోలు తీయండి. స్థలం నంబరు, అందులో మీ కారు, దగ్గరలో ఉన్న బోర్డు, ఆ బోర్డు మీద అక్షరాలు మీ స్థలం నుంచి చదవగలరో లేదో. రాత్రి టికెట్ వేసి ఉంటే రాత్రి వెలుతురులోనే తీయండి. పర్మిట్ డాష్‌బోర్డు మీంచి జారి కింద పడి ఉంటే దాన్ని కదపకముందే ఫోటో.

డ్రైవర్ ఎవరో ఎక్కడా చెప్పకండి. ఫోన్ చేయకండి. 'నేను పార్క్ చేశాను' అన్న ఒక్క మాటతో మీ ఆయుధం ఒకటి పోతుంది. ఒప్పందం అంటూ ఉంటే అది డ్రైవర్‌తోనే. కారు ఎవరి పేరున ఉందో ఆ రిజిస్టర్డ్ కీపర్ దగ్గర వసూలు చేయాలంటే కంపెనీ 2012 ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టంలోని 4వ షెడ్యూల్ ప్రకారం నడవాలి. ఆ షెడ్యూల్ ఇంగ్లండ్, వేల్స్‌కే వర్తిస్తుంది. స్కాట్లండ్‌లో ఉన్నవాళ్లు ఈ తేదీలు వాడకండి.

తేదీల లెక్క ఇదీ. అద్దానికి టికెట్ ఏమీ లేకుండా కెమెరా ఫోటోతో పోస్టులో వచ్చిందంటే, కీపర్‌కు నోటీసు పార్కింగ్ ముగిసిన మర్నాటి నుంచి 14 రోజుల్లోపు చేరాలి. పోస్టు చేసిన రెండో పనిదినానికి చేరినట్టు లెక్కిస్తారు. అద్దానికి టికెట్ అంటించి ఉంటే, కీపర్‌కు ఉత్తరం 29వ రోజుకూ 56వ రోజుకూ మధ్య చేరాలి. ముందొచ్చినా, తర్వాతొచ్చినా, అసలు రాకపోయినా కీపర్ మీద బాధ్యత పడదు. అందుకే అద్దం టికెట్‌కు అప్పీలు మొదటి రోజే పంపకుండా 26వ రోజు దాకా ఆగడం మంచిది, 28 రోజుల గడువు మాత్రం దాటకూడదు. తొందరపడి డ్రైవర్‌గా రాసేస్తే కంపెనీకి కీపర్ నోటీసు పంపే అవసరమే ఉండదు. ఇలా ఆగితే 60 పౌండ్లతో ముగించే అవకాశం పోతుంది. పోరాడాలని నిర్ణయించుకున్నాకే ఇది చేయండి. కంపెనీ కారో లీజు కారో అయితే, నోటీసు వాళ్లకు వెళ్లి వాళ్లే కట్టేసి మీ జీతంలోంచి కోయకముందే 'కట్టవద్దు, నా పేరుకు మార్చండి' అని రాయండి.

ఇదే సమయంలో రెండో ఉత్తరం మేనేజింగ్ ఏజెంట్‌కూ ఓనరుకూ వెళ్లాలి. కంపెనీని పెట్టుకున్నది ఏజెంటే కాబట్టి 'దీన్ని రద్దు చేయించండి' అనే అధికారం వాళ్లకుంటుంది. లీజు క్లాజు నంబరు చెప్పి, రాతపూర్వక జవాబు అడగండి. అన్నిటికంటే తక్కువ శ్రమతో పని అయిపోయే దారి ఇదే.

కంపెనీకి అప్పీలు ఇంగ్లిష్‌లో, ఒక పేజీ దాటకుండా రాయండి. ఉండాల్సినవి: నోటీసు నంబరు, కారు నంబరు, నేను ఈ వాహనం కీపర్‌ని, డ్రైవర్ పేరు చెప్పాల్సిన బాధ్యత నాకు లేదు, ఈ స్థలం ఫలానా లీజు, ఫలానా క్లాజు ద్వారా మా ఫ్లాట్‌కు చెందింది, ఆ హక్కు మీ బోర్డుల కంటే ముందుది, మీరు ఇవ్వగలిగిందేమీ లేదు కాబట్టి ఒప్పందం లేదు, స్థలం యజమాని మీకిచ్చిన అధికార పత్రం చూపండి, రద్దు చేయండి, లేదా స్వతంత్ర అప్పీలుకు కోడ్ ఇవ్వండి. లీజులో సంబంధిత పేజీలు మాత్రమే జతచేయండి, అద్దె ఎంతో, బ్యాంకు వివరాలేమిటో నల్లగీతతో కొట్టేయండి. క్షమాపణ చెప్పొద్దు. 'పర్మిట్ మర్చిపోయాను, ఈసారికి వదిలేయండి' అని రాస్తే షరతు మీకు వర్తిస్తుందని మీరే ఒప్పుకున్నట్టు. ఆన్‌లైన్ ఫారంలో డ్రైవరా, కీపరా అన్న గడి దగ్గర ఒకటికి రెండుసార్లు చూసుకుని కీపర్ ఎంచుకోండి, సమర్పించే ముందు స్క్రీన్‌షాట్ తీయండి.

తిరస్కరణ రావచ్చు. కంగారు పడొద్దు. కంపెనీ బ్రిటిష్ పార్కింగ్ అసోసియేషన్ సభ్యురాలైతే తర్వాతి మెట్టు పోప్లా, ఇంటర్నేషనల్ పార్కింగ్ కమ్యూనిటీ సభ్యురాలైతే ఐఏఎస్. ఇవి రెండూ ఇలాంటి అప్పీళ్లు వినే సేవలు. నోటీసు మీది లోగో చూస్తే ఏదో తెలుస్తుంది. పోప్లాకు 28 రోజుల గడువు, డబ్బు కట్టక్కర్లేదు. అక్కడ ఓడితే మీరు కట్టితీరాలని లేదు, గెలిస్తే కంపెనీ మాత్రం కట్టుబడాలి. అన్ని వాదనలూ మొదటిసారే పెట్టాలి: లీజు, కీపర్ నోటీసు తేదీ, కంపెనీ అధికారం, బోర్డులు. కంపెనీ తన ఆధారాలు పెట్టాక వాటి మీద మాట్లాడడానికి మీకు 7 రోజులే ఉంటాయి. కంపెనీ చూపించే అధికార పత్రంలో తేదీ, సంతకం, మీ స్థలం ఆ ప్లానులో ఉందా అన్నవి అప్పుడే పట్టి చూడండి.

ఉత్తరాలు ఏవి పక్కన పెట్టాలి, ఏవి పెట్టకూడదు

అప్పీళ్లు అయ్యాక రికవరీ సంస్థల నుంచి వరసగా ఎర్ర అక్షరాల ఉత్తరాలు వస్తాయి. 100 కాస్తా 170 అవుతుంది. వీళ్లు బేలిఫ్‌లు (కోర్టు తీర్పు మీద జప్తుకు వచ్చేవాళ్లు) కారు, ఇంటికొచ్చి ఏమీ తీసుకెళ్లలేరు, జవాబు అక్కర్లేదు. కవరుతో సహా దాచిపెట్టండి. అదనంగా వేసిన 70ని తర్వాత ప్రశ్నించవచ్చు. 4వ షెడ్యూల్ ప్రకారం కీపర్ నుంచి రాబట్టగలిగేది నోటీసులో రాసిన మొత్తం వరకే.

పక్కన పెట్టకూడనివి రెండు. మొదటిది 'లెటర్ బిఫోర్ క్లెయిమ్', అంటే దావా వేయబోతున్నామని చెప్పే ఉత్తరం. దానికి జవాబివ్వడానికి 30 రోజులుంటాయి. అప్పు లేదని, లీజు కారణం చెబుతూ రెండు పేరాల ఉత్తరం పంపండి. వాళ్ల దగ్గరున్న ఫోటోలు, ఉత్తరాలు అన్నీ ఇమ్మని డేటా రిక్వెస్ట్ కూడా పెట్టండి, నెలలోపు ఇవ్వాలి.

రెండోది కౌంటీ కోర్టు క్లెయిమ్ ఫారం. దీన్ని చూసిన రోజే ఇష్యూ తేదీ (కోర్టు దావా జారీ చేసిన తేదీ) కాగితం మీద రాసుకోండి. దానికి 5 రోజులు కలిపితే మీకు అందినట్టు లెక్క. అక్కడి నుంచి 14 రోజుల్లో 'అక్నాలెడ్జ్‌మెంట్ ఆఫ్ సర్వీస్', అంటే దావా అందిందన్న జవాబు, పెట్టాలి, అది పెడితే డిఫెన్స్‌కు, అంటే మీ వాదన రాసి ఇవ్వడానికి, అందిన రోజు నుంచి 28 రోజులు దొరుకుతాయి. ఉదాహరణకు ఇష్యూ తేదీ మార్చి 2 అయితే అందినట్టు లెక్క మార్చి 7, అక్నాలెడ్జ్‌మెంట్ మార్చి 21 లోపు, డిఫెన్స్ ఏప్రిల్ 4 లోపు. చివరి రోజు దాకా ఆగకండి. కోర్టు వెబ్‌సైటులో అక్నాలెడ్జ్‌మెంట్ పెట్టేటప్పుడు 'మొత్తం దావాను ఎదుర్కొంటాను' ఎంచుకోండి, 'జ్యూరిస్‌డిక్షన్' (కోర్టు పరిధిని ప్రశ్నించే) గడి జోలికి పోవద్దు, డిఫెన్స్ పెట్టెలో ఇంకా ఏమీ రాయవద్దు. అందులో ఒక వాక్యం వేసి సమర్పించేస్తే అదే మీ డిఫెన్స్ అయిపోతుంది.

డిఫెన్స్‌ను నంబర్లు వేసిన పేరాలుగా రాయండి. స్థలం ఎవరిది, ఏ పత్రం, ఏ క్లాజు, ఏ తేదీ; బోర్డులు ఎప్పుడొచ్చాయి; కీపర్ నోటీసులో లోపం; అదనపు 70 ఎందుకు చెల్లదు. చివర 'స్టేట్‌మెంట్ ఆఫ్ ట్రూత్', సంతకం, తేదీ. సంతకం చేసేది నిజమని ప్రమాణం చేసినట్టే కాబట్టి ఈ దశలో అబద్ధం ఒక్కటి కూడా ఉండకూడదు. డ్రైవర్ ఎవరని జడ్జి నేరుగా అడిగితే నిజమే చెప్పాలి. లీజు వాదన బలంగా ఉంటే డ్రైవర్ మీరే అయినా అది నిలుస్తుంది.

తర్వాత కోర్టు ప్రశ్నల పత్రం, ఎన్180 ఫారం వస్తుంది. 2024 మే 22 తర్వాత వేసిన చిన్న దావాల్లో ఫోను మధ్యవర్తిత్వం తప్పనిసరి, దాదాపు గంటసేపు. హాజరవ్వాలి, రాజీ పడాలని మాత్రం లేదు. 'సున్నా ఇస్తాను' అని చెప్పడం మీ హక్కు. విచారణకు ముందు, కోర్టు చెప్పిన తేదీకి, సాక్షి వాంగ్మూలంతో పాటు లీజు, ప్లాను, ఫోటోలు, తీర్పుల ప్రతులు పేజీ నంబర్లతో కోర్టుకూ అవతలి పక్షానికీ పంపాలి. విచారణ రుసుం కట్టాల్సింది కంపెనీయే. కట్టకపోతే దావా కొట్టేస్తారు, అందుకే ఆ తేదీ దాటగానే కోర్టుకు ఫోన్ చేసి కనుక్కోండి.

ఓడితే ఎంత? చార్జీ 100, కోర్టు రుసుం 35, లాయరు స్థిర ఖర్చు 50, విచారణ రుసుం 27, కొంత వడ్డీ, ఒప్పుకుంటే ఆ 70లో కొంతో మొత్తమో. తీర్పు వచ్చిన నెలలోపు పూర్తిగా కట్టేస్తే సీసీజే (కౌంటీ కోర్టు తీర్పు) రికార్డులోంచి తీసేస్తారు. కట్టకపోతే 6 ఏళ్లు ఉంటుంది. అప్పుడు మార్ట్‌గేజ్ దొరకడం కష్టమవుతుంది, ఇల్లు అద్దెకు ఇవ్వడానికి వెనకాడతారు, పౌరసత్వ దరఖాస్తులోనూ సివిల్ తీర్పుల గురించి అడుగుతారు.

మనవాళ్లకు అసలు నష్టం జరిగేది వాదనలో ఓడి కాదు, ఉత్తరం అందక. చదువుకునే పిల్లలు, కాంట్రాక్టు ఉద్యోగులు ఏడాదికో ఇల్లు మారతారు, కారు లాగ్‌బుక్ వీ5సీ మీద పాత చిరునామానే ఉండిపోతుంది. దావా అక్కడికి పోతుంది, ఎవరూ జవాబివ్వరు, ఏకపక్షంగా తీర్పు వస్తుంది. దాన్ని రద్దు చేయించడానికి ఎన్244 దరఖాస్తుకే 300 పౌండ్ల పైచిలుకు. ఇల్లు మారిన వారమే వాహన రిజిస్ట్రేషన్ చూసే డీవీఎల్‌ఏలో చిరునామా మార్చండి. నోటీసు నడుస్తుంటే ఆ కంపెనీకి కూడా కొత్త చిరునామా ఈమెయిల్‌లో పంపి కాపీ ఉంచుకోండి, ఎందుకంటే వాళ్లకు 6 ఏళ్ల వరకు దావా వేసే అవకాశం ఉంది. సంక్రాంతికో పెళ్లికో ఇండియాకు నాలుగైదు వారాలు వెళ్తుంటే, వచ్చిన కవర్లు విప్పి ఫోటో పంపమని స్నేహితుడికి తాళం ఇచ్చి వెళ్లండి. అక్నాలెడ్జ్‌మెంట్ ఇండియా నుంచి కూడా ఆన్‌లైన్‌లో పెట్టవచ్చు.

ఒక టికెట్ రద్దయినా వచ్చే వారం ఇంకోటి రావచ్చు. కాబట్టి మేనేజింగ్ ఏజెంట్‌కు మీ స్థలం నంబరు చెప్పి, దాన్ని ఆ కంపెనీ పరిధి నుంచి తప్పించమని ఓనరు చేత రాయించండి. బ్లాకులో మీలాంటి లీజే ఉన్న నాలుగిళ్లవాళ్లు కలిసి ఒకే ఉత్తరం మీద సంతకాలు పెడితే ఏజెంట్ దాన్ని పక్కన పడేయడం కష్టం. జవాబు వచ్చేదాకా పర్మిట్‌ను అద్దానికి గట్టిగా అంటించి ఉంచండి.